నాన్నకు మర్యాద ముదిరింది

పూజ్యురాలైన అమ్మకి,

నమస్కారాలు, వాటితోపాటు క్షమాపణలు. ఈ ఉత్తరం చదివాక నీ మనసుకు కలగబోయే కలతకి, దీన్ని పైకి చదివి వినిపించబోయే అక్క గొంతునొప్పికి, ఆ గొంతుకి ఉలిక్కిపడి లేచే పసిదాని నిద్రాభంగానికి, దాన్ని ఊరుకోబెట్టలేక బావ పడబోయే పాట్లకి, ఇంత బరువైన కవరు మోసిన పోస్టుమాన్ భుజానికి, ఇంకా ఎవరైనా మిగిలిపోతే వారికి కూడా సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. నిజానికి వీటిలో ఏదీ నా తప్పు కాదు. అయినా పెద్ద చదువు చదివినవాణ్ణి కనక ఈ లాంఛనం ముందే ముగించేస్తున్నాను.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ నాన్నా. నేను మామూలు క్షేమం. నాన్న మరీ ఇంత క్షేమంగా ఎందుకున్నాడన్నదే అసలు గొడవ.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. గ్యాస్ రోజూ కట్టేస్తున్నాను. బాల్కనీలో మొక్కలన్నీ బతికే ఉన్నాయి, ఒక్కటి మాత్రం బతకడం మీద అభిప్రాయం మార్చుకుంది. ఉద్యోగ ప్రయత్నాలు గట్టిగా సాగుతున్నాయి, అంటే ఇంట్లోనే ఉన్నాను. వంట ఇద్దరం కలిసి చేస్తున్నాం. నిన్న కూరలో ఉప్పు లేదు. నువ్వు వెయ్యి అంటే నువ్వు వెయ్యి నాన్నా అని ఇద్దరం మర్యాదకు పోయాం. చివరికి ఎవరూ వెయ్యలేదు.

నువ్వు నవ్వుతున్నావని తెలుసు. కానీ ఆలోచించు. మీ ఆయన, ఉప్పు దగ్గర, మర్యాదకు పోయాడు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. అక్కడికొచ్చేసరికి నీ అక్షరాలు కాస్త వంకరపోయాయి. "మీ నాన్న ఫోన్‌లో నాతో పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ఏం చెప్పినా మంచిది, సంతోషం అంటారు. మొన్న నన్ను పట్టుకుని అలాగేనండి అన్నారు. ఉడికిస్తే కసురుకుంటారేమో చూద్దామని, ఇంకో ఆర్నెల్లు ఇక్కడే ఉండిపోనా అని అడిగాను. సంతోషం, అలాగే కానివ్వు అన్నారు. నేను పెట్టె సర్దడం మానేశాను. అక్కడ ఏం జరుగుతోందో నువ్వైనా దాచకుండా రాయి."

రాస్తాను. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలోనే అందుకుని ఏడుస్తావు. ఉత్తరానికి ఆ ఇబ్బంది లేదు.

అమ్మా, నీకే కాదు, నాకూ అనుమానం వచ్చింది. అక్క పురిటికి నువ్వు వెళ్ళిన కొత్తల్లోనే మొదలైంది. నాన్న సంగతి నీకు చెప్పక్కర్లేదు. బస్టాండు ఎంక్వైరీ కౌంటర్లో కూర్చుని జనాన్ని కసరడమే ఉద్యోగంగా బతికిన మనిషి. "బోర్డు మీద రాసి ఏడ్చాం కదయ్యా, కళ్ళెక్కడ పెట్టుకున్నావ్" అనడం ఆయనకి నమస్కారం లాంటిది. ఎదుటివాడి ప్రశ్న సగంలో ఉండగానే జవాబు వాడి మొహాన కొట్టి కిటికీ రెక్క వేసేవాడు. బస్టాండంతా ఆయన్ని కస్సుబుస్సు అని పిలిచేది. చిన్నప్పుడు నేను కూడా అది ఏదో బస్సు పేరే అనుకున్నాను.

అలాంటి మనిషి ఒక పొద్దున మెట్ల మీద కింది వాటా పిన్నిగారికి దారిచ్చి, "ముందు మీరు రండమ్మా" అన్నాడు. ఆవిడ రాలేదు. భయపడి వెనక్కి దిగిపోయింది. తర్వాత నాన్న లేని వేళ చూసి పైకొచ్చింది.

"బాబూ, మీ నాన్న ఒంట్లో బాగానే ఉందా?"

"గుండ్రాయిలా ఉన్నాడండీ."

"మరి మా టీవీ ఎంత పెద్దగా పెట్టినా నేలమీద కర్రతో కొట్టట్లేదేం? నిన్న కావాలనే ఇంకా పెంచాను. చప్పుడు లేదు. ఎదురుపడితే నవ్వారు కూడాను. బాబూ, ఇల్లు ఖాళీ చేయించే ఉద్దేశం ఏమైనా ఉందా? ఉంటే మొహమాటపడకుండా చెప్పెయ్."

చూశావా. ఇన్నాళ్ళు తిట్టించుకుంటూ నిశ్చింతగా ఉన్న మనిషి, ఒక్క నవ్వుకి నిద్ర పోగొట్టుకుంది.

నేను పరిశోధనకు దిగాను. తెల్లారి లేస్తే నాన్న వెనకాలే నా కళ్ళు. అద్దం ముందు నిలబడి ఏదో గొణుక్కుంటూ తన మూతి తనే చూసుకుంటున్నాడు. ఈ వయసులో అద్దంతో ఏం పని? నేనేదైనా చెప్తుంటే చేతిలో పేపరు పక్కన పెట్టి, నా మొహంలోకే చూస్తూ ఆఖరిదాకా వింటున్నాడు. అమ్మా, పుట్టి బుద్ధెరిగాక ఆయన నా మాట ఆఖరిదాకా వినడం అదే మొదలు. నాకు చెమటలు పట్టాయి. అంతసేపు వింటాడని తెలియక నా దగ్గర మాటలు కూడా అయిపోయాయి. ఉత్తినే "అంతే నాన్నా" అన్నాను. "మంచిది" అన్నాడు.

నీ దగ్గర దాపరికం దేనికి, నీకొచ్చిన అనుమానమే నాకూ వచ్చింది. మగవాడు అద్దం చూసుకుంటూ, నవ్వుతూ, పెళ్ళాం ఇంకో ఆర్నెల్లు రానంటే సంతోషం అంటుంటే ఎవరికైనా ఏం తోస్తుంది? నాకు పిన్ని రాబోతోందని తోచింది. ఎలాంటి చీర కట్టుకుంటుందో కూడా ఊహించేశాను.

ఇక ఇంట్లో కూర్చుంటే లాభం లేదని, ఒక రోజు నాన్న డ్యూటీకి వెళ్ళిన కాసేపటికి టోపీ ఒకటి పెట్టుకుని బస్టాండుకి వెళ్ళాను. గేటు పక్కన టీకొట్టు బాబాయ్ దూరం నుంచే పోల్చేశాడు.

"ఏంట్రా, టోపీ పెట్టుకుని దొంగలా వస్తున్నావ్. మీ నాన్న మీద నిఘాకా?"

"నీకెలా తెలుసు బాబాయ్?"

"ఇక్కడ అందరం అదే పనిలో ఉన్నాం. కూర్చో."

బాబాయ్ టీ ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. "మీ నాన్న కౌంటర్లో కూర్చోవట్లేదు. బయటికొచ్చి జనం మధ్య నిలబడి మాట్లాడుతున్నాడు. అమ్మా అంటున్నాడు, అయ్యా అంటున్నాడు, నెమ్మదిగా చెప్పండి తొందరేం లేదు అంటున్నాడు. బస్టాండులో తొందర లేదన్నవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. డిపో పెద్దసారేమో, ప్రైవేటు బస్సులవాళ్ళ దగ్గర కమీషన్ తిని మన ప్యాసింజర్లని అటు తోలుతున్నాడని అనుమానపడుతున్నాడు. రేపో మాపో గోడౌన్‌కి వేసేస్తాడట. అక్కడ పార్సిళ్ళకి అమ్మా అయ్యా అని చెప్పుకోవాలి."

"నువ్వేం అనుకుంటున్నావ్ బాబాయ్?"

"నాకు టీ తాగాక థాంక్స్ చెప్పాడురా. అప్పట్నుంచి గ్లాసులు లెక్కపెట్టుకుంటున్నా."

నేను స్తంభం చాటుకి వెళ్ళి నిలబడ్డాను. నిజమే. కౌంటరు ఖాళీగా ఉంది. ఆ కిటికీ నీకు తెలుసుగా, మసిబారిన అద్దం, కింద చెయ్యి పట్టేంత కంత. జనం వంగి ఆ కంతలో నోరు పెట్టి అరుస్తారు. నాన్న బయట, జనం మధ్యలో ఉన్నాడు. చంకలో పిల్లాడితో ఒకావిడ ఏదో అడుగుతోంది. నాన్న కాస్త వంగి, కళ్ళార్పకుండా ఆవిడ మొహమే చూస్తున్నాడు. అడగడం అయిపోయాక కూడా ఒక్క క్షణం ఆగి, అప్పుడు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, ఆవిడ సంచీ తీసుకుని ఆ ప్లాట్‌ఫారం దాకా నడిచి దిగబెట్టాడు. ఆవిడ కూడా అనుమానంగానే సంచీ తడిమి చూసుకుంది.

తిరిగొస్తుంటే వెనక నుంచి నా ఈడువాడొకడు, "సార్, సార్" అని పిలిచాడు. నాన్న పలకలేదు. మళ్ళీ పిలిచాడు. నాన్న తన మానాన తను నడుస్తున్నాడు.

"ఏంటి పెద్దాయనా, చెవుడా?" అని అరిచాడు వాడు.

నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు చూడు వీడి గతి, పాత కస్సుబుస్సు నిద్ర లేస్తాడు అనుకుని, తమాషా చూద్దామని ఇంకో అడుగు ముందుకేశాను. వాడు నాన్న ముందుకొచ్చి నిలబడ్డాడు. నాన్న వాణ్ణి చూసి చిరునవ్వుతో, "చెప్పండి బాబూ" అన్నాడు. ఒంటి మీద ఈగ వాలినట్టు కూడా లేదు. వాడు సిగ్గుపడి, "ఏం లేదు సార్, బస్సు టైమ్" అని నసిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బ, ఎంత ఓర్పు అన్నట్టు చూశారు. నా నవ్వు మాత్రం సగంలో ఆగిపోయింది.

అప్పటికీ వాడన్న మాట నేను నమ్మలేదమ్మా. నమ్మాల్సి వచ్చింది తర్వాత. నాన్న ప్లాట్‌ఫారం దిగి, బస్సులు నిలబెట్టే చోటుకి అడ్డంగా వస్తున్నాడు. ఒక బస్సు వెనక్కి వస్తోంది. క్లీనరు ఈల వేస్తున్నాడు, రేకు మీద అరచేత్తో దబదబా కొడుతున్నాడు. బస్టాండు మొత్తం అటే తిరిగి చూసింది, ఒక్క నాన్న తప్ప. ఎదురుగా ఎవరో ముసలాయన కనబడితే ఆయనకి దారివ్వడానికి మర్యాదగా ఒక అడుగు వెనక్కి, ఆ బస్సు చక్రాల వైపుకే వేశాడు.

నేనెలా పరిగెత్తానో నాకు తెలియదు. చొక్కా పట్టుకుని లాగాను. ఇద్దరం కలిసి గట్టు మీద పడ్డాం.

నాన్న గిర్రున తిరిగి, ఎవరో కూడా చూడకుండా, "కళ్ళు నెత్తికెక్కాయేంట్రా వెధవా, మనుషులు కనబడట్లేదా" అని తిట్టాడు.

ఇన్ని వారాల తర్వాత ఆ తిట్టు వింటే నాకు ప్రాణం లేచొచ్చిందమ్మా. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. నాన్న నన్ను గుర్తుపట్టాడు. గీరుకుపోయిన నా మోచెయ్యి చూశాడు, వెనక్కి తిరిగి ఆగిన బస్సు చూశాడు, డ్రైవరు తల బయటికి పెట్టి ఏదో అరవడం చూశాడు. ఏమన్నాడో తెలియకపోయినా అలవాటుగా రెండు చేతులూ జోడించాడు. డ్రైవరు తిట్టడం ఆపేసి, పాపం లోపలికి తల తీసేసుకున్నాడు.

టీకొట్టు వెనక బల్ల మీద కూర్చున్నాం. నేను నాన్నకి ఎదురుగా కూర్చున్నాను. ఎదురుగా కూర్చోవాలని అప్పటికి తెలిసిపోయింది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"అమ్మ వెళ్ళకముందే కొంచెం కొంచెంగా. తర్వాత జోరందుకుంది. చెవి దగ్గరి చప్పుడైతే కాస్త తెలుస్తోందిరా. మాటే తెలియట్లేదు."

"మరి ఈ అమ్మా అయ్యా ఏంటి?"

నాన్న చేతిలో గ్లాసు తిప్పాడు. "తిడితే ఎదుటివాడు ఊరుకోడు కదా, తిరిగి ఏదో ఒకటి అంటాడు. ఏమన్నాడో వినబడకపోతే మళ్ళీ నేనేమనాలి? అందుకని తిట్టడం మానేశా. ముందు మీరు అంటే, వాళ్ళు ఏం చేస్తారో చూసి నేనూ అదే చెయ్యొచ్చు. మూతి కదలిక చూసి మాట పోల్చుకోవడం ఇంట్లో అద్దం ముందు నేర్చుకున్నా. ఆ కౌంటరు అద్దం వెనకుంటే మూతులు కనబడవు, అందుకే బయట నిలబడుతున్నా. మొదట్లో అంతా నాటకమేరా. దొరక్కుండా ఉండటానికి."

"ఇప్పుడు?"

"ఇప్పుడేముంది. ఇదివరకు సగంలోనే అర్థమైపోయేది, కిటికీ వేసేసేవాణ్ణి. ఇప్పుడు ఆఖరిదాకా చూడాలి. జనం అసలు సంగతి ఆఖర్లో చెప్తార్రా. బస్సెప్పుడని అడుగుతారు, అడిగి, మా పిల్లకి ఆపరేషనండీ అంటారు. అన్నేళ్ళు నేను అది వినకుండానే కిటికీ వేశా." గ్లాసు కింద పెట్టి, "ఎంతమందికి వేశానో" అన్నాడు.

నేను కోతి వేషాలు వేసేవాణ్ణే కానీ, అప్పుడు మాత్రం ఒక్క జోకూ తట్టలేదు. నాన్న నా మొహం చూస్తూ మాట కోసం కాచుకుని ఉన్నాడు. అలా చూస్తుంటే అబద్ధం కూడా చెప్పలేం.

ఆ రోజే ఇద్దరం పెద్దసారు గదికి వెళ్ళాం. ఆయన మమ్మల్ని నిలబెట్టి కళ్ళు చిట్లించి చూశాడు. విషయం చెప్తే ముందు నమ్మలేదు. లేచి నాన్న వీపు వెనక్కి వెళ్ళి, తలుపు మీద గట్టిగా గుద్ది, "నీకు ప్రమోషనొచ్చిందయ్యా" అన్నాడు. నాన్న ఎదురు గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. పెద్దసారు వచ్చి కుర్చీలో కూలబడి, "కమీషన్ కాదన్నమాట. నేను పైకి రాసేశానయ్యా" అని తల పట్టుకున్నాడు. రాసింది వెనక్కి తీసుకుంటానన్నాడు. అద్దం వెనక కాకుండా, హాల్లో బల్ల వేసి ఎదురెదురుగా కూర్చునేలా చేస్తానన్నాడు. "కానీ పాత పద్ధతిలో మాత్రం తిట్టకు సుమా, ఫిర్యాదులు తగ్గి ప్రాణం హాయిగా ఉంది" అన్నాడు. ఆఖరి మాట ఆయన నా వైపు తిరిగి చెప్పాడు కాబట్టి నాన్నకి తెలియదు. నేను ఇంటికొచ్చాక చెప్పాను. నాన్న చాలాసేపు నవ్వాడు.

చెవుల డాక్టర్ని కూడా చూశాం. చెవిలో పెట్టుకునే మిషన్ వాడమన్నాడు. కొలతలు తీసుకున్నాడు. అది వచ్చాక కొంత వినబడుతుందట, అంతా కాదు. అంతవరకు రోడ్డు దాటేటప్పుడు నేనో, టీకొట్టు బాబాయో పక్కన ఉంటున్నాం.

ఇవన్నీ నీకు చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. "తెలిస్తే పసిదాన్ని వదిలేసి పరిగెత్తుకొస్తుంది. పిల్లకి ఇప్పుడు తల్లి దగ్గరుండాలి" అన్నాడు. నోటితో చెప్పనని ఒట్టేశాను. చేత్తో రాయనని ఆయనా అడగలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

అప్పుడే నీ ఉత్తరం సంగతి అడిగాను. "నాన్నా, ఇంకో ఆర్నెల్లు ఉండిపోనా అని అమ్మ అడిగితే, సంతోషం అన్నావట."

ఆయన మొహం చూసి ఉండాల్సింది నువ్వు. రెండోసారి చెప్పించుకున్నాడు. పెదాలు విడదీసి చెప్పమన్నాడు. చెప్పాను.

"ఆర్నెల్లా? నేనన్నానా?"

"అన్నావట."

"ఫోన్‌లో మొహం ఉండదు కదరా. ఆవిడ గొంతు లేచి ఆగింది, ఏదో అడిగిందని తెలిసింది. మంచి మాటే అనుకున్నా." లేచి వెళ్ళి బాల్కనీలో నిలబడ్డాడు. అక్కడి నుంచి మళ్ళీ వచ్చి, "ఊరికే అడగదు కదరా. అక్కడ సుఖంగా ఉందేమో. నా కసుర్లు లేకుండా నిద్ర పడుతోందేమో. ఉండనీలే" అన్నాడు.

అదీ సంగతి. నువ్వేమో ఆయన నిన్ను వద్దనుకుంటున్నాడని పెట్టె సర్దడం మానేశావు. ఆయనేమో నువ్వు ఆయన్ని వద్దనుకుంటున్నావని మెదలకుండా ఉన్నాడు. రాత్రి అన్నం దగ్గర నీ కంచం కూడా పెట్టి, మళ్ళీ తీసి బోర్లించాడు. నన్ను చూసి ఏమీ ఎరగనట్టు "ముందు నువ్వు వడ్డించుకో" అన్నాడు. ఈ మర్యాద నాకు భరించడం కష్టంగా ఉందమ్మా. నువ్వు ఇంటికొచ్చి ఆయన ఎదురుగా కూర్చుని ఒకసారి గట్టిగా పోట్లాడితే తప్ప ఇది తగ్గేలా లేదు. అక్కకి నీ అవసరం తీరాక రా, ముందే పరిగెత్తకు. కానీ వస్తున్నానని రెండు ముక్కలు ఆయన పేరున రాయి. రాసింది ఆయనకి బాగానే వినబడుతుంది.

కవరు అతికించేసే ముందు ఒక్క విషయం. ఇంతసేపూ దీన్ని ఎలా రాయాలా అని పక్కన పెట్టుకుంటూ వచ్చాను. మొదట్లో అడ్డమైనవాటన్నిటికీ క్షమాపణ చెప్పింది కూడా ఇది రాయాల్సి వస్తుందని తెలిసే.

నువ్వు ఆ ఆర్నెల్ల మాట అడిగినప్పుడు నేను ఫోన్ పక్కనే ఉన్నాను. నీ గొంతు సంగతి నీకు తెలుసుగా, రిసీవరు దాటి గదంతా వినిపిస్తుంది. నీ ప్రశ్న నాకు ప్రతి ముక్కా స్పష్టంగా వినబడింది. నాన్న రిసీవరు చెవికి ఆనించుకుని నా వైపు చూశాడు. ఏం చెప్పను అన్నట్టు చూశాడు. నా సలహా అడుగుతున్నాడనుకున్నాను. చెవి సంగతి అప్పటికి నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, ఇంకో ఆర్నెల్లు పొద్దెక్కేదాకా పడుకోవచ్చు, ఉద్యోగం గురించి అడిగేవాళ్ళుండరు, ఇంట్లో నా రాజ్యం.

పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను. తల గట్టిగా పైకీ కిందికీ ఊపాను. నాన్న నా మొహం చూసి, నువ్వు చెప్పింది అంత సంతోషకరమైన మాటేనని నమ్మి, నీతో ఆ ముక్క అన్నాడు.

నీకొచ్చిన ఆ జవాబు నాన్నది కాదమ్మా. నాది.

ఇట్లు,
ఆ రోజు తల ఊపిన
నీ కొడుకు